కార్బురేటర్ విప్పే ముందు

పాత కార్బురేటర్ ఇంజనును ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌కు, అంటే కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోల్ చల్లే పద్ధతికి, మార్చుకోవాలనుకునేవారు మొదట అడిగేది ఏ కంప్యూటర్ కొనాలి, ఏ కిట్ మంచిది అని. నా దృష్టిలో అది చివర అడగవలసిన ప్రశ్న. ఏ తయారీదారు అమ్మే కంప్యూటర్ అయినా లోపల వేసే లెక్క దాదాపు ఒకటే. ఆ లెక్క బండిలో నిజమవుతుందా లేదా అన్నదాన్ని పెట్రోల్ ట్యాంకు, పంపు, వైరింగ్, ఇగ్నిషన్, ఇంజను కంప్రెషన్ తేలుస్తాయి. మార్పిడి చేశాక బండి సరిగా నడవడం లేదని బాధపడేవారి బండ్లను నేను చూసినంతలో, లోపం దాదాపు ఎప్పుడూ ఆ పెట్టెకు వెలుపలే కనిపించింది. కాబట్టి నా వాదన ఇది: ఇంజెక్షన్ మార్పిడి అంటే ముందుగా పెట్రోల్ సరఫరానూ విద్యుత్ వ్యవస్థనూ కొత్తగా కట్టుకోవడం, అంత పనికి సిద్ధంగా లేనివారు ఉన్న కార్బురేటర్‌నే శ్రద్ధగా సర్వీసు చేయించుకుని వాడుకోవడం మేలు.

అలాగని కార్బురేటర్‌ను కాలం చెల్లిన నాసిరకం పరికరంగా కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. గాలి వెళ్ళే గొట్టం సన్నబడినచోట గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది; ఆ తగ్గుదలే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోల్‌ను జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి లాగుతుంది. గాలిని కొలవడం, దానికి తగిన పెట్రోల్‌ను నిర్ణయించడం, దాన్ని తుంపరగా చల్లడం అనే మూడు పనులూ ఒక్క తీగ కూడా లేకుండా ఒకేచోట జరిగిపోతాయి. చిక్కంతా ఈ సూత్రం అన్ని వేగాల దగ్గరా సరిపోకపోవడంలోనే ఉంది. ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజను ఊరికే తిరిగేటప్పుడు, గాలి ప్రవాహం చాలా తక్కువ కనుక దానికి వేరే దారి పెట్టారు. గాలిని అదుపుచేసే రేకు, అంటే థ్రాటిల్, కాస్త తెరుచుకున్నప్పుడు మధ్యలో వెలితి రాకుండా దాని అంచు పక్కనే చిన్న రంధ్రాలు చేశారు. యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా తొక్కితే గాలి వెంటనే పెరిగినా పెట్రోల్ వెనకబడుతుంది కనుక ఒక చిన్న పంపు చేర్చారు. చలికి చోక్, నిండు లోడుకు అదనపు పెట్రోల్ దారి వచ్చాయి. ఇలా ఒక్కొక్క లోటును పూడ్చుకుంటూ పోగా తయారైన యంత్రాన్ని సులువైనది అనడం నాకు సరికాదనిపిస్తుంది. అందులోని ఒక దారిని సవరిస్తే పక్క దారి ప్రవర్తన మారుతుంది, పైగా ఆ మార్పును అంకెల్లో చూపించే సాధనమేదీ దానిలో లేదు.

కార్బురేటర్ అసలు పరిమితి గాలి బరువు దగ్గర బయటపడుతుంది. అది పీడనంలోని తేడాకు స్పందిస్తుందే తప్ప, వస్తున్న గాలి ఎంత పలచగా ఉందో దానికి తెలియదు. సముద్ర మట్టం నుంచి 3000 మీటర్ల ఎత్తుకు వెళితే గాలి సాంద్రత దాదాపు నాలుగింట మూడు వంతులకు పడిపోతుంది. జెట్ గుండా వచ్చే పెట్రోల్ అదే నిష్పత్తిలో తగ్గదు. సాంద్రత వర్గమూలాన్ని అనుసరించి మిశ్రమం సుమారు 16 శాతం రిచ్ అవుతుంది, అంటే గాలికి తగినదానికన్నా పెట్రోల్ ఎక్కువవుతుంది. కింద బరువులో గాలి 14.7కు పెట్రోల్ 1గా కుదిరిన మిశ్రమం పైన 12.7కు 1 దగ్గరకు చేరుతుంది. పెట్రోల్ ఇంజనుకు ఆ మొదటి అంకె రసాయనికంగా సరితూగే నిష్పత్తి. నిండు శక్తికి 12.5 నుంచి 13 వరకు, నిలకడగా సాగే ప్రయాణానికి 15 లేదా ఇంకాస్త పైన ఉంటే మంచిది. అంటే కొండమీద ఆ ఇంజను మామూలు ప్రయాణంలో కూడా నిండు శక్తికి కావలసినంత పెట్రోల్ తాగుతుంది. ప్లగ్గులు నల్లబడడం అందులో చిన్న నష్టం. మండని పెట్రోల్ సిలిండర్ గోడల మీది నూనెను కడిగి, ఇంజన్ ఆయిల్‌లో కలిసి, రింగులనూ బేరింగులనూ అరగదీయడం పెద్ద నష్టం. నన్ను ఇంజెక్షన్ వైపు తిప్పిన కారణాల్లో మొదటిది ఇదే.

ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ తొలి చరిత్రలో నాకు ఆసక్తిగా తోచే విషయం ఒకటుంది. అమెరికాలో బెండిక్స్ సంస్థ రూపొందించిన ఎలక్ట్రోజెక్టర్‌ను 1958లో క్రైస్లర్ తన కొన్ని కార్లలో అమర్చింది. ఆనాటి ఎలక్ట్రానిక్ భాగాలు వేడికీ తేమకూ తట్టుకోలేకపోవడంతో వాటిలో చాలా కార్లకు తిరిగి కార్బురేటర్లే బిగించారు. ఆ పేటెంట్ల ఆధారంగా బాష్ తీర్చిదిద్దిన డీ-జెట్రానిక్ 1967లో ఫోక్స్‌వాగన్ 1600తో మార్కెట్లోకి వచ్చి నిలదొక్కుకుంది. అది సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోని పీడనాన్ని కొలిచి పెట్రోల్‌ను నిర్ణయించేది. ఈ రోజు పాత బండ్లకు వేసే కిట్లలో ఎక్కువ భాగం అదే సూత్రం మీద నడుస్తున్నాయి. బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో రూపొందించిన మెగాస్క్విర్ట్ లాంటి స్వయంగా జోడించుకునే కంప్యూటర్లు ఆ సూత్రాన్ని మామూలు అభిరుచిపరుల చేతికి అందించాయి. అంటే సూత్రం కొత్తదేమీ కాదు. మొదటి ప్రయత్నాన్ని ఓడించినవి కూడా వేడి, తేమ, నాసి విద్యుత్ భాగాలే. మన బండ్లలో ఇప్పటికీ ఎదురుపడేవి అవే.

ఆ లెక్క ఎలా ఉంటుందో ఒక్కసారి చేతితో వేసి చూసుకున్నవారికి మిగతాదంతా తేలికగా అర్థమవుతుందని నా అనుభవం. 1600 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజనును తీసుకుందాం. ఒక్కో సిలిండర్ 400 సీసీ. సముద్ర మట్టంలో 20 డిగ్రీల దగ్గర లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు తూగుతుంది కనుక, సిలిండర్ పూర్తిగా నిండితే అందులో 0.48 గ్రాముల గాలి ఉంటుంది. ఏ ఇంజనూ అన్ని వేగాల్లోనూ పూర్తిగా నిండదు. 80 శాతం నిండిందనుకుంటే 0.384 గ్రాములు. నిండు శక్తికి 12.8 నిష్పత్తి కావాలంటే 30 మిల్లీగ్రాముల పెట్రోల్, అంటే దాదాపు 40 మైక్రోలీటర్లు. నిమిషానికి 165 సీసీ చల్లే ఇంజెక్టర్ (కరెంటుతో తెరుచుకునే చిన్న కవాటం) మిల్లీసెకనుకు 2.75 మైక్రోలీటర్లు ఇస్తుంది కాబట్టి అది 14.5 మిల్లీసెకన్లు తెరిచి ఉండాలి. ఇంజెక్టర్ కదిలి తెరుచుకోవడానికి వృథా అయ్యే సుమారు ఒక మిల్లీసెకనును దీనికి కలపాలి. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక పూర్తి చక్రానికి, అంటే ఇంజను రెండు చుట్లు తిరగడానికి, దొరికే సమయం 20 మిల్లీసెకన్లు. అందులో 15.5 మిల్లీసెకన్లు ఇంజెక్టర్ తెరిచే ఉంటుంది. అంటే 78 శాతం. ఇంజెక్టర్‌ను 80, 85 శాతం దాటించకూడదన్న నియమంలో ఇది సరిగ్గా ఇముడుతుంది.

ఇదే ఇంజను ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు మ్యానిఫోల్డ్ పీడనం 35 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది, కావలసిన పెట్రోల్ ఆరేడు మిల్లీగ్రాములకు మించదు, ఇంజెక్టర్ మొత్తం సుమారు 4 మిల్లీసెకన్లు తెరుచుకుంటుంది. అందులో పావు వంతు ఆ తెరుచుకునే సమయానికే పోతుంది. తర్వాతెప్పుడో టర్బో వేసుకోవచ్చన్న ఆలోచనతో రెట్టింపు సైజు ఇంజెక్టర్లు కొనేవారు ఈ సంగతి గమనించాలి: అప్పుడు ఐడిలింగ్‌లో మొత్తం రెండున్నర మిల్లీసెకన్లయి, వృథా సమయం అందులో నలభై శాతం అవుతుంది. బ్యాటరీ వోల్టేజీ కాస్త పడిపోయినా ఆ వృథా సమయం పెరుగుతుంది కనుక, హెడ్‌లైట్లు వేయగానే ఇంజను వణకడం మొదలవుతుంది. ఇంజనుకు సరిపోయే చిన్న ఇంజెక్టర్‌ను ఎంచుకోవడం ఎలాంటి ట్యూనింగ్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక కార్బురేటర్ స్థానంలోనే నేరుగా బిగించే థ్రాటిల్ బాడీ కిట్లు మేలా, ఒక్కో ఇన్‌టేక్ పోర్టు దగ్గర ఒక్కో ఇంజెక్టర్ పెట్టే పద్ధతి మేలా అన్న ప్రశ్నకు నా జవాబు రెండోదే. మొదటి పద్ధతిలో పెట్రోల్ పాత మ్యానిఫోల్డ్ గోడలను తడుపుకుంటూనే సిలిండర్ల దాకా ప్రయాణిస్తుంది; మలుపుల దగ్గర బరువైన బిందువులు పక్కకు జారి ఒక సిలిండర్‌కు ఎక్కువ, మరొకదానికి తక్కువ అందుతాయి; మ్యానిఫోల్డ్‌ను వేడిగా ఉంచే నీటి దారినో సైలెన్సర్ వైపు వేడినో తీసేస్తే చలిలో బండి ఒప్పుకోదు. కొలత మెరుగుపడింది గానీ పంపిణీ కార్బురేటర్ కాలంలోనే ఉండిపోయింది. మ్యానిఫోల్డ్‌కు ఇంజెక్టర్ గుంటలను వెల్డింగ్ చేయించడం కష్టమైన పనే. అయినా అసలు లాభం అక్కడే ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్రోల్ దారికి కావాలి. కార్బురేటర్‌కు పెట్రోల్ అందించే పంపు పీడనం 3 నుంచి 7 పీఎస్‌ఐ మాత్రమే. ఇంజెక్షన్‌కు 43 నుంచి 58 పీఎస్‌ఐ, అంటే 3 నుంచి 4 బార్లు కావాలి. దాదాపు పది రెట్ల పీడనం. కార్బురేటర్ కాలపు రబ్బరు గొట్టంలో చిన్న పగులు ఉంటే చెమ్మ కనిపించేది. అదే పగులు ఈ పీడనంలో వేడి సైలెన్సర్ మీదికి తుంపర కొడుతుంది. ఇంజెక్షన్ కోసమే తయారైన 30ఆర్9 తరగతి గొట్టాలనూ, గొట్టాన్ని కోసేయకుండా చుట్టూ సమానంగా బిగించే క్లాంపులనూ వాడడం విషయంలో రాజీకి తావే లేదు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది కనుక, ట్యాంకు నుంచి ఇంజను దాకా ఒక్క పాత ముక్క కూడా మిగలకూడదు. ఇంజను ఆగిన మరుక్షణం పంపును ఆపే రిలే, బండి దేనికైనా గుద్దుకుంటే కరెంటును తెంచే ఇనర్షియా స్విచ్ తప్పనిసరి. పంపును నేరుగా ఇగ్నిషన్ తాళానికి కలిపిన బండిలో, ప్రమాదంలో గొట్టం తెగితే ఇంజను ఆగిపోయినా పంపు పెట్రోల్‌ను పోస్తూనే ఉంటుంది. ఈ ఒక్క కారణంతో అలాంటి బండిలో నేను కూర్చోను.

ట్యాంకు సంగతి చాలామందికి తట్టదు. కార్బురేటర్ బండిలో ట్యాంకులోని పెట్రోల్ మలుపుల్లో పక్కకు ఒరిగి పంపు కాసేపు గాలి పీల్చినా, ఫ్లోట్ గిన్నెలోని నిల్వ ఆ లోటును దాచేస్తుంది. ఇంజెక్షన్‌లో ఆ నిల్వ లేదు. గాలి బుడగ వచ్చిన క్షణంలోనే మిశ్రమం లీన్ అయిపోతుంది, అంటే పెట్రోల్ చాలదు, లోడు మీద ఉన్న ఇంజనుకు అది ప్రమాదకరం. ట్యాంకులో అడ్డుగోడలు పెట్టించడమో, మధ్యలో ఎప్పుడూ నిండి ఉండే చిన్న నిల్వ డబ్బా ఒకటి చేర్చడమో చేయాలి. పాత ట్యాంకు తుప్పును ముందే కడిగించి, పంపుకు ముందు ముతక ఫిల్టర్, పంపు తర్వాత 10 మైక్రాన్ల ఫిల్టర్ వేసుకోవాలి. ట్యాంకు లోపల ఉండే పంపును పెట్రోలే చల్లబరుస్తుంది. బయట పెట్టే పంపు ట్యాంకు అడుగుకన్నా కిందే ఉండాలి, ఎందుకంటే అది నెట్టడంలో బలమైనది, పీల్చడంలో కాదు. ఇంజను దగ్గర మిగిలిన పెట్రోల్ వెనక్కి తిరిగి వచ్చే గొట్టం కూడా వేయాలనే నా సలహా. వేడి రోజుల్లో పెట్రోల్ ఒకేచోట నిలిచి మరిగిపోకుండా అది తిప్పుతూ ఉంటుంది.

విద్యుత్ వ్యవస్థకు వస్తే, డైనమోతో నడిచే బండ్లను ముందు ఆల్టర్నేటర్‌కు మార్చాలి. పంపు, ఇంజెక్టర్లు, కాయిల్, ఆక్సిజన్ సెన్సర్ హీటర్ అన్నీ కలిసి 15 నుంచి 20 ఆంపియర్ల దాకా లాగుతాయి. ఐడిలింగ్‌లో డైనమో అంత ఇవ్వలేదు. అంతకన్నా ముఖ్యమైనది ఎర్త్. సెన్సర్ల ఎర్త్ తీగలన్నీ కంప్యూటర్ దగ్గరకే రావాలి, కంప్యూటర్ ఎర్త్ ఇంజను బ్లాకు మీద శుభ్రంగా రుద్దిన ఒకే చోటికి చేరాలి. సెన్సర్‌ను దగ్గర్లో కనిపించిన బోల్టుకు ఎర్త్ చేస్తే, తీగల్లో ప్రవహించే కరెంటు వల్ల పదో వంతు వోల్టు తేడా సులభంగా వస్తుంది. మ్యానిఫోల్డ్ పీడన సెన్సర్‌లో పదో వంతు వోల్టు అంటే సుమారు 2 కిలోపాస్కల్. ఐడిలింగ్‌లోని 35 మీద అది ఆరు శాతం దగ్గర పొరపాటు. దాన్ని ట్యూనింగ్‌తో సవరించబోయేవారు, ఫ్యాన్ తిరిగినప్పుడు ఒకలా, ఆగినప్పుడు ఇంకోలా నడిచే బండితో విసిగిపోతారు.

ఇగ్నిషన్‌ను, ప్లగ్గులకు వంతులవారీగా స్పార్క్ పంచే పాత డిస్ట్రిబ్యూటర్‌కే వదిలేసి పెట్రోల్‌ను మాత్రం కంప్యూటర్‌కు అప్పగించడం సగం పని అని నా అభిప్రాయం. కాయిల్ నెగెటివ్ తీగ నుంచి ఇంజను వేగాన్ని చదివించవచ్చు గానీ ఆ సంకేతంలో గోల ఎక్కువ. రెసిస్టర్ లేని పాత హైటెన్షన్ తీగలైతే కంప్యూటర్‌నే మధ్యలో రీసెట్ చేయగలవు. క్రాంక్ పుల్లీ మీద 36 పళ్ళ స్థానాల్లో ఒకటి ఖాళీగా ఉన్న చక్రాన్ని బిగించి సెన్సర్ పెడితే, కంప్యూటర్‌కు ప్రతి 10 డిగ్రీలకూ క్రాంక్ ఎక్కడుందో తెలుస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌లో అరిగిన బుష్షుల వల్ల ఊగే స్పార్క్ టైమింగ్ అప్పటితో స్థిరపడుతుంది, ఐడిలింగ్‌ను గాలితోపాటు టైమింగ్‌తో కూడా నిలబెట్టే వీలు వస్తుంది.

ఇప్పుడు అందరినీ ఆకర్షించే మాట దగ్గరకు వస్తాను: తనంతట తానే నేర్చుకునే ఈసీయూ, అంటే ఇంజను కంప్యూటర్. ఇంజను వివరాలు నాలుగు నింపి బండి నడుపుతూ పోతే చాలు, ఏ వేగంలో, ఏ లోడులో ఎంత పెట్రోల్ ఇవ్వాలన్న పట్టిక తనే సిద్ధమవుతుందని అంటారు. ఇందులో నిజం లేకపోలేదు, ఆరోగ్యంగా ఉన్న ఇంజను మీద అది చక్కగా పనిచేస్తుంది కూడా. కానీ కంప్యూటర్‌కు ఉన్న ఒకే ఒక సాక్షి సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్, ఆ సాక్షికి తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే. ఒక సిలిండర్ మిస్సింగ్ అయితే మండని పెట్రోల్‌తోపాటు వాడని ఆక్సిజన్ కూడా బయటికి వస్తుంది. సెన్సర్ దాన్ని లీన్‌గా చదువుతుంది, కంప్యూటర్ పెట్రోల్ పెంచుతుంది, ప్లగ్గు తడిసి మిస్సింగ్ ఇంకా పెరుగుతుంది. మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర చిన్న సందు ఉండి ఐడిలింగ్‌లో బయటి గాలి లోపలికి పీల్చుకున్నా ఇదే కథ. నేర్చుకునే కంప్యూటర్ లోపాన్ని సరిచేయదు, లోపాన్ని పట్టికలో కంఠస్థం చేస్తుంది. తర్వాత ఆ గ్యాస్కెట్ మార్చినవారికి, నిన్నటిదాకా బాగానే నడిచిన బండి ఇవాళ నల్లటి పొగ ఎందుకు వదులుతోందో అర్థం కాదు.

అందువల్ల కార్బురేటర్ ఉండగానే కంప్రెషన్ చూసుకోవాలి, వాల్వ్ క్లియరెన్సులు సరిచేయాలి, మ్యానిఫోల్డ్ లీకులు మూసేయాలి, టైమింగ్ పెట్టుకోవాలి. ఆ తర్వాత మిశ్రమం నిష్పత్తిని అంకెల్లో చూపే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ ఒక్కదాన్ని ముందుగా బిగించి, కార్బురేటర్‌తోనే కొంతకాలం నడిపి చూడమని నేను ఎవరికైనా చెబుతాను. ఏ వేగంలో మిశ్రమం ఎలా ఉందో మొదటిసారి అంకెల్లో కనిపించినప్పుడు, సగం మందికి ఒక జెట్ మార్పుతోనే సమస్య తీరిపోతుంది. మిగతావారికి మార్పిడి తర్వాత పోల్చుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. సెన్సర్‌ను గొట్టం పైవైపున, అడ్డంకన్నా కనీసం 10 డిగ్రీలు ఎత్తి బిగించాలి. లేకపోతే గొట్టంలో పేరుకునే నీరు వేడెక్కిన సెన్సర్‌ను పగలగొడుతుంది. పాత వాల్వ్ సీట్ల కోసం సీసం ఉన్న ద్రవాలు పెట్రోల్‌లో కలిపే అలవాటు ఉంటే మానుకోవాలి. సీసం ఈ సెన్సర్లకు విషం.

కార్బురేటర్ అయితే దారిలో ఆగిపోయినా స్క్రూడ్రైవర్‌తో బాగుచేసుకోవచ్చు, కంప్యూటర్ చెడిపోతే బండిని లాగించుకోవలసిందే కదా అన్న అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. నిజంగానే ఊళ్ళకు దూరంగా ఒంటరిగా తిరిగేవారికి అది బలమైన కారణం. అయితే కంప్యూటర్ ఆగిపోవడం అరుదు. ఆగిపోయేవి పంపు, రిలే, క్రాంక్ సెన్సర్. ఈ మూడూ బండిలో అదనంగా ఉంచుకోదగినంత చిన్నవి, చేతికి అందేచోట అమర్చుకుంటే దారిలోనే మార్చుకోవచ్చు. అసలు రూపాన్ని చెడగొట్టడమేనన్న అభ్యంతరం మాత్రం కొన్ని బండ్ల విషయంలో పూర్తిగా న్యాయమైనది. తయారైననాటి భాగాలతోనే మిగిలిన అరుదైన బండి ప్రదర్శనకో, సంరక్షణకో ఉంటే దాన్ని ముట్టుకోకూడదు. రోజూ రోడ్డెక్కే బండి విషయంలో మార్పులన్నీ వెనక్కి తీసుకోదగినవిగా ఉండాలి: పాత మ్యానిఫోల్డ్‌ను కోయకుండా మరొకటి సంపాదించి దానికే వెల్డింగ్ చేయించాలి, వైరింగ్‌ను పాత కట్టలో కలపకుండా వేరుగా నడపాలి, తీసిన ప్రతి భాగాన్నీ పేరు రాసి దాచాలి.

శక్తి పెరుగుతుందన్న ఆశతో ఈ పని మొదలుపెట్టవద్దు. థ్రాటిల్ పూర్తిగా తెరిచి నడిపేటప్పుడు, చక్కగా జెట్లు కుదిరిన కార్బురేటర్‌కూ ఇంజెక్షన్‌కూ తేడా స్వల్పమే. గాలిలో ముందే కలిసిన పెట్రోల్ ఆవిరవుతూ గాలిని చల్లబరచడం కార్బురేటర్‌కు ఉన్న ఒక చిన్న సౌలభ్యం కూడా. లాభమంతా సగం థ్రాటిల్‌లో, పికప్‌లో, ఎత్తు ప్రదేశాల్లో, మైలేజీలో, ఇంజన్ ఆయిల్ శుభ్రంగా ఉండడంలో కనిపిస్తుంది.

ట్యూనింగ్‌ను నేను ఎప్పుడూ వేడెక్కిన ఇంజనుతో మొదలుపెడతాను: ముందు ఐడిలింగ్, తర్వాత నిలకడ వేగాలు, ఆపైన లోడు, ఆ మూడూ కుదిరాకే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇవ్వవలసిన అదనపు పెట్రోల్. స్థిరమైన పట్టిక కుదరకముందే ఆ చివరిదాన్ని సవరిస్తే ఒక తప్పుతో మరొక తప్పును కప్పిపుచ్చినట్టవుతుంది. చలి స్టార్టింగ్‌ను అన్నిటికన్నా వెనక్కి పెట్టాలి. స్టార్టర్ తిరిగేటప్పుడు వేయవలసిన పెట్రోల్, అంటుకున్న వెంటనే కొన్ని సెకన్లపాటు ఇవ్వవలసిన అదనం, ఇంజను వేడెక్కేదాకా మెల్లగా తగ్గించుకుంటూ పోవలసిన అదనం అనే మూడు వేర్వేరు సవరణలు అందులో ఉన్నాయి, ఇంజను పూర్తిగా చల్లారితే తప్ప వాటిని పరీక్షించడం కుదరదు. రోజుకు ఒక్క ప్రయత్నమే దొరుకుతుంది, అది కూడా ఆ రోజు వాతావరణం ఎంత చల్లగా ఉంటే అంత చలికే వర్తిస్తుంది. కాబట్టి మార్పిడిని వేసవిలో ముగించినవారు చలికాలం వెళ్ళేదాకా ల్యాప్‌టాప్‌ను బండిలోనే ఉంచుకోవాలి, ప్రతి ఉదయం నీటి ఉష్ణోగ్రతను, ఇంజను అంటుకోవడానికి పట్టిన సమయాన్ని రాసుకుంటూ ఒకసారికి ఒక అంకెనే మార్చాలి.